పీఎస్5 నుంచి వచ్చిన గేమ్‌లు పీసీలో ఎందుకు తడబడతాయి? (4060 8 జీబీ, 1080పీ)

లోడింగ్ రాజు:

అన్నలూ, నా సెటప్ ఇది: రైజెన్ 5 5600జీ, బీ450 బోర్డు, ఆర్‌టీఎక్స్ 4060 (8 జీబీ), 16 జీబీ ర్యామ్, సాటా ఎస్‌ఎస్‌డీ. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. ఫ్రీసింక్ (కార్డు వేగానికి తగ్గట్టు మానిటర్ రిఫ్రెష్ మారే సదుపాయం) లేదు.

కాగితం మీద చూస్తే ఈ కార్డు పీఎస్5 కంటే తీసిపోయేదేం కాదు. అయినా కన్సోల్ నుంచి పీసీకి వచ్చిన గేమ్‌లలో మూడు బాధలు:

1) సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) 80 చూపిస్తుంది, కానీ కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా ఒక్క కుదుపు.
2) మొదట్లో బాగానే ఉండి, గంట ఆడేసరికి టెక్స్చర్లు (వస్తువుల మీద అతికే బొమ్మలు) మసకబారతాయి, ఎఫ్‌పీఎస్ సగానికి పడుతుంది. మూసి మళ్లీ తెరిస్తే మామూలే.
3) మౌస్ బరువుగా ఉంటుంది. ఎంత సెన్సిటివిటీ పెంచినా గురి కుదరదు.

"కన్సోల్ వల్లే పీసీ గేమ్‌లు చెడిపోయాయి" అని ఒకరంటారు, "నీ పీసీయే వీక్" అని ఇంకొకరంటారు. కన్సోల్ వాటా ఎంత, పోర్ట్ చేసినవాళ్ల (గేమ్‌ని పీసీకి మార్చినవాళ్ల) వాటా ఎంత, నా బోర్డు వాటా ఎంత? "కొత్త కార్డు కొను" కాకుండా ఇంకేదైనా చెప్పండి.

ఫ్రేమ్‌టైమ్ శాస్త్రి:

రాజు గారూ, మూడూ వేర్వేరు జబ్బులు. అన్నిటికీ ఒకే మాత్ర మింగకండి.

ముందు ఎఫ్‌పీఎస్ నంబర్ని నమ్మడం మానేయండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటే వచ్చే రివాట్యూనర్ వేసుకుని ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) గ్రాఫ్ తెర మీద పెట్టండి. సెకనులో 79 ఫ్రేములు తలా 10 మిల్లీసెకన్లలో వచ్చి, ఒక్క ఫ్రేము మాత్రం 200 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. కౌంటర్ 80 అనే చెబుతుంది. మీ కంటికి గుర్తుండేది ఆ ఒక్కటే.

తర్వాత ఒక పరీక్ష. గేమ్‌లో ఒకే దారిలో రెండుసార్లు నడవండి, మధ్యలో గేమ్ పూర్తిగా మూసి తెరవండి. మొదటిసారి కుదిపి రెండోసారి కుదపకపోతే అది షేడర్ కంపైలేషన్ (షేడర్ అంటే వెలుగు, రంగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం). రెండుసార్లూ సరిగ్గా అదే గుమ్మం దగ్గర, అదే మలుపులో కుదిపితే స్ట్రీమింగ్, అంటే ఆడుతుండగా డిస్కు నుంచి డేటా తేవడం. మొదట బాగుండి, ఆడేకొద్దీ చెడితే మెమరీ.

షేడర్ సంగతి. పీఎస్5లో జీపీయూ (బొమ్మలు గీసే చిప్) ఒక్కటే రకం కాబట్టి, స్టూడియోలోనే షేడర్లన్నిటినీ ఆ చిప్‌కి అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా మార్చి గేమ్‌తో పంపేస్తారు. పీసీలో ఎవరి దగ్గర ఏ కార్డుందో, ఏ డ్రైవరుందో వాళ్లకు తెలిసే దారి లేదు. అందుకని సగం వండిన రూపంలో పంపుతారు, మిగతా సగం మీ డ్రైవర్ వండుతుంది. డైరెక్ట్‌ఎక్స్ 12లో (గేమ్ కార్డుతో మాట్లాడే విండోస్ పద్ధతి) ఆ వంట ఎప్పుడు మొదలవ్వాలో గేమే చెప్పాలి. ముందుగా మెనూలో చేయించకపోతే, మొదటి పేలుడు తెర మీదికి వచ్చిన క్షణంలోనే ఆ పని పడుతుంది. అది అయ్యేదాకా ఫ్రేము కదలదు. 2022 డిసెంబరులో వచ్చిన ది కాలిస్టో ప్రొటోకాల్ పీసీ వెర్షన్ తిట్లు తిన్నది దీనికే. 2023 మార్చిలో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 1 రెండో కొసకి వెళ్లింది: షేడర్లన్నీ మెనూలోనే కంపైల్ చేసింది. మధ్యరకం సీపీయూల మీద దానికి చాలాసేపు పట్టి జనం విసుక్కున్నారు గానీ, రెండింట్లో నాకైతే అదే నయం.

మీరు చేయాల్సిందల్లా: కంపైల్ బార్ పూర్తయ్యేదాకా "కంటిన్యూ" నొక్కకండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ (వండినవి దాచిపెట్టే చోటు) సైజ్ 10 జీబీ, లేదా అంతకంటే ఎక్కువ పెట్టండి. గేమ్ సగంలో ఉండగా అవసరం లేకుండా డ్రైవర్ మార్చకండి. డ్రైవర్ మారితే పాత క్యాష్ చెల్లదు, కథ మళ్లీ మొదటికొస్తుంది. విండోస్ డిస్క్ క్లీనప్‌లో "డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాష్" దగ్గర టిక్ ఉంటే తీసేయండి. ఈ "క్లీనర్" సాఫ్ట్‌వేర్లకు అది చెత్తలా కనిపిస్తుంది.

ఇక మీ రెండో బాధ. కన్సోల్ నుంచి నేరుగా దిగుమతైన సమస్య ఇదే. పీఎస్5లో 16 జీబీ జీడీడీఆర్6 ఉంటుంది. సీపీయూ, జీపీయూ రెండూ అదే మెమరీని పంచుకుంటాయి, వేగం సెకనుకు 448 జీబీ. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 16 జీబీలో 13.5 జీబీ గేమ్‌కే దక్కుతుంది. అందులో సీపీయూకెంత, బొమ్మలకెంత అన్నది గేమ్ ఇష్టం. మీ దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. కార్డు మీద 8 జీబీ ఉంది, గోడ కట్టేసి ఉంది. అందులోనూ విండోస్, బ్రౌజర్, డిస్కార్డ్ కొన్ని వందల ఎంబీ ముందే తినేస్తాయి. మిగిలినది చాలక పొంగితే, ఆ పొంగినది పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐఈ, కార్డుని బోర్డుకి కలిపే దారి) దాటి మామూలు ర్యామ్‌లోకి పోతుంది.

మీ బోర్డు వాటా ఇక్కడే. 4060కి ఉన్నవి 8 లేన్లు మాత్రమే. 5600జీ అయినా బీ450 అయినా ఇచ్చేది పీసీఐఈ 3.0. అంటే ఆ దారి సెకనుకు దాదాపు 8 జీబీ. కార్డు మీది సొంత మెమరీ వేగం 272 జీబీ. పొంగిన ప్రతి టెక్స్చరూ ముప్పై రెట్లకు పైగా ఇరుకైన సందులోంచి రావాలి. అందుకే ఎఫ్‌పీఎస్ మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా కూలుతుంది. బోర్డు ఒక్కటే మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే 5600జీ ప్రాసెసరే 3.0.

సెట్టింగుల్లో టెక్స్చర్ క్వాలిటీ ఒక్క మెట్టు దించండి, ముందు అదొక్కటే. చాలామంది రిజల్యూషన్ దించుతారు. దాంతో జీపీయూకి పని తగ్గుతుంది గానీ టెక్స్చర్ల బరువు దాదాపు అంతే ఉంటుంది. డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్నగా గీసి పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) కూడా అంతే. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో కృత్రిమ ఫ్రేములు చేర్చేది) అయితే తిరిగి మెమరీ అడుగుతుంది, 8 జీబీ కార్డు అంచున ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లొద్దు. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల లెక్క) ఆపితే దాని బీవీహెచ్ (కిరణం దేనికి తగిలిందో వెతికే) నిర్మాణాలకు పోయే మెమరీ మిగులుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో మొత్తం మెమరీ కాకుండా "ప్రాసెస్" పేరుతో ఉండే రీడింగ్ పెట్టుకుని, అది 7 జీబీ లోపే ఉండేలా చూడండి.

ఇంకొకటి: 5600జీలో లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి కొన్ని బయోస్‌లు దానికోసం ర్యామ్‌లోంచి 2 జీబీ దాకా పక్కన పెట్టేస్తాయి. యూఎంఏ ఫ్రేమ్ బఫర్ అనే చోట చూసి కనిష్ఠానికి దించండి. వాడని గ్రాఫిక్స్‌కి ఉన్న 16లో వాటా ఎందుకు?

కాజీపేట జంక్షన్:

శాస్త్రిగారు మంచిగ చెప్పిన్రు. కానీ "కన్సోల్ తప్పు" అన్న మాటకు నేను జర అడ్డం మాట్లాడుత.

కన్సోల్ వల్ల పీసీ గేమ్ చిన్నగైన రోజులు నిజంగనే ఉన్నయి. 2000ల వచ్చిన డ్యూస్ ఎక్స్ లెవెల్స్ ఎంత పెద్దగుంటయో తెల్సు గద. 2003ల దాని రెండో భాగం ఇన్విజిబుల్ వార్‌ని మొదటి ఎక్స్‌బాక్స్‌కి గూడ సరిపోయేటట్టు చేసిన్రు. ఆ డబ్బాల మొత్తం మెమరీ 64 ఎంబీ. ఇగ లెవెల్స్ అన్నిటిని ముక్కలు ముక్కలు కోసిన్రు. పీసీల అంతకు ఎన్నో రెట్లు ర్యామ్ ఉన్నా గవే ముక్కలు, గవే లోడింగ్ తెరలు.

తర్వాత ఎక్స్‌బాక్స్ 360 (2005), పీఎస్3 (2006). రెండిట్ల గూడ మెమరీ 512 ఎంబీనే, పీఎస్3ల అయితే గది గూడ 256, 256 గా చీలి ఉంటది. ఆ డబ్బాలు ఎనిమిదేండ్లు నడిచినయి. 2011ల స్కైరిమ్ పీసీల 32 బిట్ ప్రోగ్రామే, 2 జీబీ దాటి మెమరీ తీసుకోనీకి రాకుండె. డిసెంబర్ల ప్యాచ్ వచ్చినంకనే ఆ గోడ 4 జీబీకి జరిగింది. అదే సంవత్సరం మార్చిల క్రైసిస్ 2 వచ్చినప్పుడు పీసీల డైరెక్ట్‌ఎక్స్ 9 ఒక్కటే. 11 కావాల్నంటే జూన్ దాక ఆగాల్సి వచ్చింది. పీసీ కోసమే పుట్టిన క్రైసిస్ (2007) తర్వాత గిట్ల అయితే కోపం రాదా మరి.

కానీ నాణేనికి ఇంకో దిక్కు చూడు తమ్మీ. 2013ల పీఎస్4ల పెట్టిన సీపీయూ ఏంది? జాగ్వార్, ఎనిమిది కోర్లు, 1.6 గిగాహెర్ట్జ్. అది ల్యాప్‌టాప్‌లకు, ట్యాబ్లెట్లకు చేసిన చిప్. ఒక్క కోరుతోని పని కాదని తెల్సి స్టూడియోలన్నీ పనిని ఎనిమిది కోర్లకు పంచుడు నేర్సుకున్నయి. దాని లాభం ఎవరికి దక్కింది? పీసీలోళ్లకు. 2011 నాటి ఐ5 2500కే మీద ఏండ్లకేండ్లు కొత్త గేమ్‌లు నడిచినయంటే ఆ బలహీనమైన జాగ్వార్ పుణ్యమే. మధ్యల నష్టం గూడ ఉంది, గేమ్‌లల్ల జనం తెలివి, ఫిజిక్స్ అక్కడ్నే ఆగినయి, బొమ్మ ఒక్కటే పెరిగింది. కానీ కొత్త సీపీయూ కొనే ఖర్చు తప్పింది.

అసలు దెబ్బ తగిలేది కన్సోల్ తరం మారినంక రెండు మూడేండ్లకు. కొత్త డబ్బా వచ్చిన కొత్తల గేమ్‌లు పాతదానికి గూడ చేస్తరు, అందుకే పీసీలకు ఏం తెల్వదు. పాతదాన్ని ఇడిచిపెట్టిన రోజు మెమరీ లెక్క ఒక్కసారే ఎగురుతది. పీఎస్3ల 512 ఎంబీ ఉన్నది పీఎస్4ల 8 జీబీ అయింది, పదహారు రెట్లు. 2014ల షాడో ఆఫ్ మోర్డోర్ అల్ట్రా టెక్స్చర్లకు 6 జీబీ వీర్యామ్ (కార్డు మీది మెమరీ) అడిగితే 2 జీబీ కార్డులోళ్లు నోరెళ్లబెట్టిన్రు. 2023ల 8 జీబీ కార్డులకు అయింది గదే. రాజన్న 4060 గూడ ఆ సంవత్సరంలనే మార్కెట్‌కు వచ్చింది. ఇది కన్సోల్ పీసీని కిందికి గుంజుడు కాదు, పైకి గుంజుడు. కార్డు కంపెనీలు మెమరీ పిసినారితనం చేస్తే కన్సోల్ ఏం చేస్తది?

ఇంజిన్ గది:

కాజీపేట గారి లెక్కతో చాలావరకు ఏకీభవిస్తా. ఒక్క విషయం మాత్రం వదిలేశారు: ఫ్రేముల వేగానికి ఆట తర్కాన్ని కట్టేయడం. పోర్టుల్లో నన్నడిగితే ఇదే అన్నిటికంటే మొండి జబ్బు, ఎందుకంటే సెట్టింగుల్లో దీనికి మందు లేదు.

కన్సోల్ గేమ్ 30 ఎఫ్‌పీఎస్‌కి లాక్ చేసి రాస్తున్నప్పుడు, "ప్రతి ఫ్రేముకీ ఇంత కదులు" అని రాసేస్తే పని తొందరగా అయిపోతుంది. "గడిచిన సమయానికి ఇంత కదులు" అని రాయడానికి ప్రతిచోటా సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మొదటి పద్ధతిలో రాసిన గేమ్‌ని పీసీలో 60కి తెరిస్తే ఏమవుతుందో 2013లో నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్ చూపించింది. గరిష్ఠ ఎఫ్‌పీఎస్ ఒక్కటే 60కి పెంచితే కార్లు రెట్టింపు వేగంతో పరుగెత్తాయి. సిమ్యులేషన్ రేటు కూడా కమాండ్ లైన్లో 60 అని చెబితేనే దారికొచ్చింది. 2014లో డార్క్ సోల్స్ 2 పీసీ వెర్షన్లో ఇంకో వింత. కత్తి శత్రువు ఒంట్లో ఉన్నన్ని ఫ్రేములూ అరుగుదల లెక్కించేవారు. 60 ఎఫ్‌పీఎస్ అంటే రెట్టింపు ఫ్రేములు కదా, కత్తులు రెట్టింపు వేగంతో అరిగాయి. స్కైరిమ్‌లో 60 దాటితే బల్ల మీది గిన్నెలు ఎగిరిపడేదీ ఈ కోవలోదే.

సరైన పద్ధతి పాతదే. ఫిజిక్స్‌ని ఒక స్థిరమైన అడుగుతో, ఉదాహరణకు సెకనుకు 60 సార్లు, విడిగా నడపాలి. బొమ్మ గీసేటప్పుడు ముందు అడుగుకీ తర్వాతి అడుగుకీ మధ్య స్థానాన్ని లెక్కగట్టి గీయాలి. అప్పుడు 47 ఎఫ్‌పీఎస్ అయినా 141 అయినా ఆట ఒక్కటే. మొదటి రోజున ఇలా మొదలుపెడితే దాదాపు ఖర్చే లేదు. గేమ్ పూర్తయ్యాక పోర్ట్ టీమ్ చేతికిచ్చి మార్చమంటే యానిమేషన్, దెబ్బల గుర్తింపు, కెమెరా అన్నీ తిరగరాయాలి. అందుకే "60కి లాక్" అని చేతులెత్తేస్తారు. ఎల్డెన్ రింగ్ (2022) పీసీలో 60 దాటనివ్వనిది ఈ కుటుంబంలోదే. లాక్ తీసే మాడ్లు (ఆటగాళ్లు చేసిన మార్పులు) ఉన్నాయి, కానీ వాటికి యాంటీ చీట్ ఆపాలి, ఆఫ్‌లైన్లోనే ఆడాలి. అలా ఆపిన గేమ్‌తో ఆన్‌లైన్‌కి వెళ్లే ప్రయత్నం చేయకండి.

రెండోది, డేటా విప్పడం. పీఎస్5లో ఎస్‌ఎస్‌డీ నుంచి సెకనుకు 5.5 జీబీ కుదించిన డేటా వస్తుంది. క్రాకెన్ ఫార్మాట్‌లో ఉన్న దాన్ని విప్పడానికి విడిగా హార్డ్‌వేర్ ఉంది. అదే పని సీపీయూతో చేయిస్తే తొమ్మిది జెన్ 2 (పీఎస్5 సీపీయూ రకం) కోర్లు కావాలని దాన్ని రూపొందించిన మార్క్ సెర్నీ 2020 మార్చిలో చెప్పారు. పీసీలో ఆ హార్డ్‌వేర్ లేదు. ఆ పని మీ ఆరు కోర్లే చేయాలి, అదీ గేమ్ నడుపుతూ. కొన్ని పోర్టుల్లో ఊరికే నడుస్తుంటే కూడా సీపీయూ 90 శాతం చూపించేది అందుకే. డైరెక్ట్‌స్టోరేజ్ 1.1 నుంచి ఈ విప్పే పనిని జీపీయూకి అప్పగించే వీలొచ్చింది. 2023 జులైలో నిక్సెస్ చేసిన రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్ పీసీ వెర్షన్ దాన్ని వాడింది. సోనీ 2021లో ఆ స్టూడియోని కొనేసింది, వాళ్ల పోర్టులు మిగతావాటికంటే నిలకడగా ఉండటానికి కారణం ఒక్కటే: అక్కడ అదే వృత్తి, చివరి మూడు నెలల్లో ఎవరికో పడేసే పని కాదు.

చివరి నిమిషంలో పడేస్తే ఏమవుతుందో బ్యాట్‌మన్ ఆర్ఖమ్ నైట్ ఉదాహరణ. 2015 జూన్ 23న విడుదల. పీసీలో 30 ఎఫ్‌పీఎస్ లాక్, కన్సోల్లో ఉన్న కొన్ని వాన ఎఫెక్టులు కూడా లేవు. రోజు తిరిగేసరికి అమ్మకాలే ఆపేశారు, అక్టోబరు 28 దాకా మళ్లీ పెట్టలేదు. పేపర్ మీద అదీ పీఎస్4 వెర్షనే, హార్డ్‌వేర్ని నిందించడానికి ఏమీ లేదు. తిరగబడ్డ ఉదాహరణ కూడా చెప్పాలి: సైబర్‌పంక్ 2077ని పీసీ మీద దృష్టి పెట్టి చేశారు, 2020 డిసెంబరులో పీఎస్4 మీద కుప్పకూలింది. సోనీ స్టోర్ నుంచే తీసేసి, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. అవతలి యంత్రం పరిమితులను ఎవరు పట్టించుకోకపోయినా అవతలివాళ్లే ఏడుస్తారు.

రాజు గారికి పనికొచ్చే ముక్క: కన్సోల్లో ఏదైనా గేమ్ 30 ఎఫ్‌పీఎస్ మాత్రమే ఇస్తుంటే, కారణం జీపీయూనా సీపీయూనా తెలుసుకోండి. సీపీయూ అయితే కార్డు మార్చి లాభం లేదు. డ్రాగన్స్ డాగ్మా 2 (2024) ఊళ్లలో ప్రతి మనిషి లెక్కా సీపీయూ మీదే పడుతుందని క్యాప్‌కామ్ స్వయంగా చెప్పింది. అక్కడ రిజల్యూషన్ 720పీకి దించినా ఎఫ్‌పీఎస్ కదలదు. ఆ పరీక్ష ఏ గేమ్‌కైనా చేయొచ్చు: రిజల్యూషన్ సగం చేయండి, ఎఫ్‌పీఎస్ పెరగకపోతే గోడ సీపీయూ దగ్గరుంది.

లోడింగ్ రాజు:

అందరికీ థాంక్స్. చెప్పినవన్నీ చూశాను. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్‌లో లోడ్ పెట్టి చూస్తే 3.0, ఎనిమిది లేన్లు అనే ఉంది. బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌కి 2 జీబీ నిజంగానే పోతోంది, తగ్గించాను. టెక్స్చర్ అల్ట్రా నుంచి హై చేస్తే ప్రాసెస్ మెమరీ 7.6 నుంచి 6.4కి దిగింది, గంట తర్వాత కూడా ఎఫ్‌పీఎస్ పడలేదు. అల్ట్రాకీ హైకీ తేడా 1080పీలో నాకైతే కనబడలేదు.

కుదుపు మాత్రం రెండు రకాలు. ఒక గేమ్‌లో రెండోసారికి పోయింది. ఇంకోదాంట్లో ప్రతిసారీ అదే వంతెన దగ్గర. దీనికి ఏం చేయాలి? మౌస్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఫ్రేమ్‌టైమ్ శాస్త్రి:

వంతెన దగ్గర వచ్చేది ట్రావర్సల్ స్టటర్. ఆ గీత దాటగానే గేమ్ తర్వాతి ప్రాంతాన్ని తెచ్చి, అందులోని వస్తువులన్నిటినీ ఒకే ఫ్రేములో, ఒకే థ్రెడ్ మీద నిలబెడుతోంది. పీఎస్5లో కూడా ఆ చోట చిన్న కుదుపు ఉంటుంది చూడండి. 2023 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ జెడై సర్వైవర్ విషయంలో కన్సోల్ వాళ్లూ తిట్టారు. కాబట్టి ఇది పోర్ట్ తప్పు కూడా కాదు, ఇంజిన్ వాడిన తీరు తప్పు. ప్యాచ్ తప్ప పూర్తి మందు లేదు. ఎఫ్‌పీఎస్‌కి కళ్లెం వేసి సీపీయూకి కాస్త ఊపిరి మిగిల్చితే కుదుపు చిన్నదవుతుంది, అంతే. ఇంటర్నెట్లో దొరికే "ఇంజిన్ డాట్ ఐఎన్‌ఐ మ్యాజిక్ లైన్లు" కాపీ చేయకండి. టెక్స్చర్ పూల్ సైజ్ అడ్డదిడ్డంగా పెంచి 8 జీబీ కార్డుని మళ్లీ పొంగించేవే ఎక్కువ.

మౌస్ మేస్త్రి:

మౌస్ నా వంతు. ముందు పరీక్ష. గేమ్‌లో ఒక గోడ మూలకి గురిపెట్టండి. మౌస్‌ని కుడికి 20 సెంటీమీటర్లు మెల్లగా జరిపి, వెంటనే అంతే దూరం ఎడమకి విసురుగా లాగండి. గురి మళ్లీ అదే మూలకి వస్తే మౌస్ శుభ్రంగా ఉన్నట్టు. మూల దాటి ఎడమకి పోతే యాక్సిలరేషన్ ఉంది. మూలదాకా రాకుండానే ఆగిపోతే అసలు కన్సోల్ రోగం అదే: గేమ్ మౌస్ కదలికని ప్యాడ్ పుల్ల కదలికగా మార్చుకుంటోంది. పుల్లకి గరిష్ఠ తిరుగుడు వేగం ఉంటుంది కాబట్టి, మీరు ఎంత విసిరినా ఆ వేగం దాటదు. సెన్సిటివిటీ పెంచితే మెల్లటి కదలిక అదుపు తప్పుతుంది గానీ విసురు పెరగదు. మీరు చెప్పింది సరిగ్గా ఇదే అనిపిస్తోంది.

మందు: గేమ్‌లో "మౌస్ స్మూతింగ్", "యాక్సిలరేషన్" ఉంటే ఆపండి, "రా ఇన్‌పుట్" ఉంటే పెట్టండి. విండోస్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" టిక్ తీసేయండి. బరువుగా, ఆలస్యంగా అనిపిస్తే మొదటి అనుమానం వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ రిఫ్రెష్‌కి కట్టేసేది) మీద. 2008 నాటి డెడ్ స్పేస్‌లో గేమ్ లోపలి వీసింక్ పెడితే 30కి లాక్ అయి మౌస్ ఈడ్చుకుపోయేది. లోపల ఆపి డ్రైవర్లో పెట్టుకోవడమే దానికి చిట్కా. ఆ చిట్కా ఇప్పటికీ చాలా గేమ్‌లకి పనికొస్తుంది. పుల్లగా మార్చే రకం అయితే మాత్రం మాడ్ ఉందేమో చూడండి. లేకపోతే ఆ గేమ్‌ని ప్యాడ్‌తో ఆడటమే మర్యాద.

గురి కుదరకపోవడానికి ఇంకో కారణం ఎఫ్‌ఓవీ (ఆట చూపించే దృశ్యం ఎంత కోణం అన్నది), ఎవరూ అనుమానించరు. 50 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 110 సెంటీమీటర్లు. రెండున్నర మీటర్ల దూరం నుంచి చూస్తే అది మీ చూపులో ఆక్రమించేది 25 డిగ్రీలు. 24 అంగుళాల మానిటర్ వెడల్పు 53 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్ల దూరంలో అది 48 డిగ్రీలు. సోఫా కోసం కుదించిన బొమ్మని రెట్టింపు పెద్దదిగా చూస్తున్నారన్నమాట. తల తిరగడం, గురి ఊగడం అందుకే. అడ్డంగా 80 నుంచి 95 మధ్య పెట్టి చూడండి. గేమ్ చూపించే సంఖ్య నిలువుదా అడ్డందా చూసుకోండి. 16:9 తెర మీద నిలువు 60 అంటే అడ్డం దాదాపు 91. స్లైడర్ లేని గేమ్‌లో మాడ్‌తో పెంచితే తెర అంచుల్లో వస్తువులు మాయమవుతూ కనిపిస్తాయి, ఎందుకంటే ఆ అంచు దాటి గీయక్కర్లేదని గేమ్ అనుకుంటుంది. పెంచినకొద్దీ ఎక్కువ వస్తువులు తెర మీదికొస్తాయి, సీపీయూ మీద బరువు పడుతుంది, అదీ గుర్తుంచుకోండి.

మెనూల గురించి చెప్పాలంటే రాత్రవుతుంది. ఒక్కటే అంటాను: బల్డర్స్ గేట్ 3 (2023)లో మౌస్‌కి ఒక తెర, ప్యాడ్‌కి పూర్తిగా వేరే తెర చేశారు. ప్యాడ్ తీసి మౌస్ కదిపితే తెరే మారిపోతుంది. చేయాలనుకుంటే చేయొచ్చు.

కాజీపేట జంక్షన్:

బల్డర్స్ గేట్ పేరొచ్చింది గద, దాంట్లనే ఇంకో ముచ్చట. ఎక్స్‌బాక్స్ వెర్షన్ డిసెంబర్ దాక ఎందుకు ఆగింది? 10 జీబీ మెమరీ ఉన్న సిరీస్ ఎస్ మీద స్ప్లిట్ స్క్రీన్ (ఒక్క తెర మీద ఇద్దరు ఆడుడు) నడువలే. ఆఖరికి ఆ ఒక్క డబ్బాల స్ప్లిట్ స్క్రీన్ లేకుండనే ఇడిచిన్రు. కానీ దానికోసం మెమరీ తగ్గించనీకి చేసిన పని చిన్న పీసీలకు గూడ అక్కరకొచ్చేదే. 8 జీబీ కార్డులోళ్లు సిరీస్ ఎస్‌ని తిట్టుడు నాకు అర్థం గాదు. అది ఉన్నన్ని రోజులు మీ కార్డుకు దిక్కుంటది.

ఇంకోటి, పీసీ గూడ గేమ్‌ని చెడగొడతది. హెల్‌డైవర్స్ 2 పీసీల 150 జీబీ దాక ఉండె, కన్సోల్ల దాంట్ల పావువంతు లెక్క. ఎందుకంటే పీసీలోళ్లల్ల కొందరికి ఇంక పాత హార్డ్ డిస్కులే ఉంటయని, డిస్కు చదివే తల ఎక్కువ అటిటు తిరగకుండ ఒక్కటే డేటాని పది చోట్ల రాసిపెట్టిన్రు. 2025 చివర్ల ఆ నకళ్లు తీసేస్తే 23 జీబీకి దిగింది. పీఎస్4 కాలంల మార్వెల్స్ స్పైడర్ మ్యాన్‌ల కొన్ని వస్తువులు డిస్కు మీద 400 సార్లు ఉన్నయని సెర్నీ చెప్పిండు, గదే జబ్బు. హార్డ్ డిస్కు మీద కొత్త గేమ్‌లు పెట్టకుర్రి.

లోడింగ్ రాజు:

మేస్త్రి గారూ, మూలదాకా రాకుండానే ఆగింది. ప్యాడ్ బయటికి తీశా, ఇక ఆ గేమ్‌కి అంతే. ఎఫ్‌ఓవీ ఇంకో దాంట్లో 90 చేశా, తేడా తెలుస్తోంది. చివరి ప్రశ్న: ఫ్రీసింక్ లేని 144 మానిటర్ మీద ఎఫ్‌పీఎస్ ఎంతకి కట్టాలి? తర్వాత డబ్బులుంటే ముందు ఏది కొనాలి?

ఫ్రేమ్‌టైమ్ శాస్త్రి:

144ని 60తో భాగిస్తే 2.4. అంటే కొన్ని ఫ్రేములు రెండు రిఫ్రెష్‌లు ఉంటాయి, కొన్ని మూడు. ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ గీతలా ఉన్నా కంటికి వణుకుతుంది. గేమ్ స్థిరంగా 72 ఇస్తే 144 అలాగే ఉంచి 72కి కట్టండి. ఇవ్వకపోతే మానిటర్‌ని విండోస్‌లో 120 హెర్ట్జ్‌కి మార్చి, 60కి కట్టండి. బరువైన గేమ్‌కి 40 కట్టండి. 40 అంటే 25 మిల్లీసెకన్లు, 30కీ 60కీ సరిగ్గా మధ్య. పీఎస్5 గేమ్‌ల 40 మోడ్ 120 హెర్ట్జ్ టీవీ అడిగేది ఈ భాగాహారం కోసమే. కట్టేది రివాట్యూనర్‌తో, వీసింక్ డ్రైవర్లో.

సెట్టింగులకి మొదలు ఎక్కడ అంటే, కన్సోల్ వెర్షన్ వాడే సెట్టింగులే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ వెర్షన్ కొన్నిచోట్ల పీసీ "లో" కంటే కింద ఉందని పోల్చి చూసినవాళ్లు తేల్చారు, ఆ బొమ్మని ఎవరూ బాగోలేదనలేదు. మీడియం, హై కలిపి మొదలుపెట్టి, మిగులున్న చోట మాత్రమే పైకి వెళ్లండి.

కొనడం విషయానికొస్తే ముందు ఫ్రీసింక్ ఉన్న మానిటర్, అది ఈ లెక్కలన్నీ అక్కర్లేకుండా చేస్తుంది. తర్వాత ర్యామ్ 32 జీబీ, వీర్యామ్ పొంగినది పడేది అందులోకే కదా. 5600జీ తీసి 5700ఎక్స్3డీ వేస్తే బీ450 మీదే నడుస్తుంది, బయోస్ అప్‌డేట్ ముందు చేయండి. పీసీఐఈ మాత్రం బోర్డు వల్ల 3.0 దగ్గరే ఉంటుంది. అందుకని టెక్స్చర్ హై దగ్గరే ఉంచండి.